జవాబులు మాత్రమే మిగిలిన పేజీ

"కొనకండి."

అమ్మేవారే ఆ మాట అనడం అతడు అంతకుముందెన్నడూ చూడలేదు. సైకిలు వెనుక టైరు కోసం ఆరు ఆన్‌లైన్ దుకాణాలను ఒక్కసారే తెరిచి, ఏ పువ్వు మీదా వాలని తుమ్మెదవలె ఒకదానినుంచి మరొకదానికి తిరుగుతున్న అతని వేలు ఆ ఒక్క మాట వద్ద నిలిచిపోయింది.

తక్కిన ఐదు దుకాణాలూ "త్వరపడండి, రెండే మిగిలాయి" అని తరుముతున్నవి. ఆరవది చిన్నది. టైరు బొమ్మ కింద ప్రశ్న అడిగే గడి, దాని కింద జవాబు. 'కళ్లజోడు' అనే మారుపేరుతో అతడు అక్కడ వినయంగా అడిగాడు: "అయ్యా, నా సైకిలుకు ఇరవైయారు అంగుళాల టైరు కావాలి. ఇది సరిపోతుందా?"

గంట తిరగకముందే వచ్చిన జవాబు అది.

"ఎందుకు కొనకూడదండీ? ఇరవైయారనేగా రాశారు?"

"ఇరవైయారుల్లో రకాలున్నాయి. పైన అంకె ఒకటే, లోపల చుట్టు వేరు. మీ పాత టైరు పక్కన చిన్నగా ఐదువందల తొంభై అని ఉందా, ఐదువందల యాభైతొమ్మిది అని ఉందా? ఇదేమో యాభైతొమ్మిది. చూసుకోకుండా కొని, తర్వాత నన్ను తిట్టకండి."

అతడు కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే ఉద్యోగి. "ఈ అద్దం బాగుందా, అదా?" అని దినమంతా పరులను అడిగి అడిగి, తనకేది బాగున్నదో తేల్చుకొనే శక్తిని పోగొట్టుకొన్నవాడు. ఒక చొక్కా కొనడానికి మూడు వారాలు పట్టేది. సిటీ బస్సు నడిపే అతని అక్కకు ఈ స్వభావం చూస్తే ఒళ్లు మండేది.

"ఒరేయ్, బండి ఆగితే ఎక్కాలి, లేదా దిగాలి. నువ్వేంట్రా ఫుట్‌బోర్డు మీదే కాపురం పెడతావు?"

"చూస్తున్నాగా అక్కా, రివ్యూలు చదవాలిగా!"

"చదువు చదువు. ఆ టైరు అరిగినట్టు నా చెప్పులూ అరిగిపోతాయి, నీ వెంట తిరిగి."

ఆ సాయంకాలం అతడు అద్దాలు తుడిచే మెత్తని బట్టతో టైరు మీది మట్టి తుడిచాడు. ఐదువందల తొంభై. అదే గడిలో రాశాడు.

"ఆ సైజు మా దగ్గర ఒక్కటే ఉంది. తీసుకుంటారా?" అని వచ్చింది జవాబు.

"ఆలోచించి చెబుతాను అయ్యగారూ."

"ఆలోచించండి గానీ అయ్యగారూ అనకండి. నేను అమ్మాయిని. వయసు ఇరవైయారు. ఏ ఇరవైయారని మాత్రం అడగొద్దు."

ఆసుపత్రి నడవలో అతడు పైకే నవ్వాడు. కంట్లో చుక్కలు వేయించుకొని కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "ఏమైంది డాక్టరుగారూ?"

"ఏం లేదండీ. మీరు కళ్లు తెరవకండి."

నాటినుంచి అతనికి నిలకడ లేదు. ఒక రోగికీ మరొక రోగికీ నడుమ ఫోను తీసేవాడు. టైరు గురించి మొదట అడగవలసినవన్నీ అడిగాడు. తర్వాత అడగనక్కరలేనివి అడిగాడు. ఆ తర్వాత టైరు అనే మాట మర్యాద కోసమే మిగిలింది.

"మీ దగ్గర వానా?"

"వానే. గోదాము రేకుల మీద గుర్రాలు పరిగెడుతున్నట్టుంది. టైరు గురించి అడగండి."

"ఆ టైరుకి వానంటే ఇష్టమేనా?"

"అడిగేవాళ్లను బట్టి చెబుతుంది."

మరో దుకాణంలో అదే టైరు దొరుకుతున్నదని అతడు తెలిసీ చెప్పలేదు. ఆమె కూడా, కొంటారా లేదా అని మళ్లీ అడగలేదు. ఆ మౌనాన్ని ఇద్దరూ ఒక అపురూపమైన వస్తువువలె దాచుకొన్నారు. ముప్పయ్యొక్క ప్రశ్నలు, ముప్పయ్యొక్క జవాబులు అయ్యాయి.

ఒక బుధవారం ఉదయం ఆ వరుస కింద కొత్త పేరు కనిపించింది. 'పోస్ట్‌మాన్' అని.

"కళ్లజోడుగారూ, ఆ టైరు నాకు కావాలి. మీరు కొంటారా, ఇలా మాట్లాడుకుంటూనే ఉంటారా?"

దాని కింద మరొకరు: "ఆయన్ని తొందరపెట్టకండి. మా ఇంట్లో అందరం రోజూ చదువుతున్నాం."

అతని చెవులు వేడెక్కాయి. ఆ గడి తనకూ ఆమెకూ మాత్రమే కనిపిస్తుందని ఇన్నాళ్లూ అనుకొన్నాడు. "ఇదంతా అందరికీ కనిపిస్తుందా?" అని అడిగాడు. జవాబు వచ్చేదాకా ఆగలేదు. తన పాత ప్రశ్నల పక్కనున్న 'తొలగించు' మీటను నొక్కాడు. వరుసగా ముప్పయ్యొక్కసార్లు నొక్కాడు.

చివరి ప్రశ్న మాయమైన తర్వాత ఆమె జవాబు వచ్చింది.

"మొదటినుంచీ కనిపిస్తుంది. మీకు తెలుసనుకున్నాను. ఇంతమందిలో మాట్లాడే ధైర్యం ఉన్న మనిషనుకున్నాను."

అప్పుడు గాని అతడు పేజీని పైనుంచి చూడలేదు. ప్రశ్నలు పోయాయి. జవాబులు ఉన్నాయి. 'వయసు ఇరవైయారు.' 'వానే. గుర్రాలు పరిగెడుతున్నట్టుంది.' 'అవును, నవ్వొచ్చింది.' ఎవరూ లేని గదిలో ఒక ఆడపిల్ల తనలో తాను మాట్లాడుకొంటున్నట్లు, ఆమె మాటలు దిక్కులేక నిలబడి ఉన్నాయి. వాటి కింద ఎవడో రాశాడు: "ఈ అమ్మాయి ఎవరితో మాట్లాడుతోంది? గోడతోనా?" దానికి పన్నెండు నవ్వు బొమ్మలు.

తనను తాను దాచుకొనే తొందరలో ఆమెను వీధిలో నిలబెట్టాడు.

సాయంకాలానికి దుకాణం ప్రకటన వెలువడింది: 'ప్రశ్నల విభాగం రేపు మధ్యాహ్నం పన్నెండు గంటలకు మూసివేయబడును. యాజమాన్యం.'

అక్క డ్యూటీ దిగి వచ్చేసరికి అతడు గదిలో ఆ గోడనుంచి ఈ గోడకు నడుస్తున్నాడు. సంగతి విని ఆమె ఫోను లాక్కొని చదివింది. చదువుతున్నంతసేపూ నవ్వింది. చివర నవ్వడం మానింది.

"ఈ అమ్మాయి తన జవాబులు తుడిచేసుకోవచ్చా?"

"వచ్చు. నాకున్న మీట ఆమెకీ ఉంటుంది."

"మరి తుడవలేదేంరా?"

అతడు నడక ఆపాడు.

"ఆ పిల్ల చెప్పిన మాట మీద నిలబడింది. నువ్వు పారిపోయావు. అంతే తేడా."

మరునాడు ఉదయం ఆసుపత్రి తలుపులు తెరవకముందే అతడు చీకటి పరీక్షగదిలో కూర్చొన్నాడు. మారుపేరు తీసివేసి సొంత పేరు పెట్టాడు. ఉద్యోగమూ రాశాడు. "ఈ ప్రశ్నలు అడిగింది నేను. భయపడి తుడిచింది నేను. ఈమె గోడతో మాట్లాడలేదు, నాతో మాట్లాడింది" అని మొదలుపెట్టి, ఒక్కొక్క జవాబు కింద దాని ప్రశ్నను తిరిగి నిలిపాడు. వానది వానకు, టైరుది టైరుకు. మంత్రం మరచిన పురోహితునివలె ఒక్కచోట మాత్రం తడబడ్డాడు. 'అవును, నవ్వొచ్చింది' అన్నదానికి ముందు తానేమన్నాడో ఎంత తలచినా తట్టలేదు. అక్కడ ఇలా రాశాడు: "ఇక్కడ ఏమడిగానో గుర్తులేదు. మీరు నవ్వారని గుర్తుంది."

పదకొండూ యాభైకి చివరి ప్రశ్న పెట్టాడు. "మిమ్మల్ని చూడటానికి రావచ్చా?"

పన్నెండు కొట్టింది. గడి మూతపడింది. జవాబు లేదు.

ఆ మధ్యాహ్నం అతడు అక్షరాల పట్టికను తలకిందులుగా తగిలించాడు. ముగ్గురు రోగులు తమకు చూపు పోయిందని కంగారుపడ్డారు.

ఇంటికి రాగానే అక్కతో అన్నాడు: "రేపు వెళ్తున్నా."

"రమ్మందా?"

"లేదు."

"వద్దంటే?"

"ఆ మాట ఆమె నోటితోనే వింటాను."

అక్క అతణ్ణి ఎగాదిగా చూసి, "రేపు నాకు సెలవు. నేనూ వస్తా. నీ మొహం మీద ఎవరైనా తలుపేస్తే, ఆ తలుపు మళ్లీ కొట్టడానికి ఇంట్లోవాళ్లు ఒకరుండాలి" అన్నది.

పేజీ అడుగున ఉన్న చిరునామా పట్టుకొని రెండు బస్సులు మారి వెళ్లారు. పొడవాటి గోదాము. గోడలనిండా మేకులకు వేలాడే చక్రాలు, గొలుసులు, పెడళ్లు. గుమ్మంలో ఇద్దరు మగవారు అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్నారు. వారిలో పెద్దవాడు తలెత్తాడు.

"ఎవరు కావాలి బాబూ?"

అతడు పేరు చెప్పాడు.

"ఓహో, కళ్లజోడు!" రెండవవాడు టేపు కింద పడేశాడు. "అన్నయ్యా, వీడే! నిన్న పొద్దున్న మనందరిచేతా మొత్తం మళ్లీ చదివించినవాడు."

"నువ్వు ఆగరా. ప్రశ్నల గడి మూయించింది నువ్వేగా!" అని తమ్ముణ్ణి కసరి, దుకాణం యజమాని లోపలికి కేకవేశాడు. "అమ్మాయీ! ఒకసారి ఇటు రా."

చేతుల్లో రెండు హ్యాండిళ్లతో ఆమె వచ్చింది. బుగ్గన నల్లని నూనె మరక. అతణ్ణి చూసింది. ఎవరని అడగలేదు. దినమంతా పరుల కళ్లలోకి చూసే ఉద్యోగి, ఆ రెండు కళ్లలోకి సూటిగా చూడలేక గొలుసుల వైపు చూశాడు.

"ఎందుకొచ్చారు?"

"అడగడానికి."

"ఇక్కడ మా నాన్న ఉన్నారు, బాబాయి ఉన్నారు. అందరూ వింటున్నారు. తెలుసా?"

"తెలుసండి."

"ఇక్కడ తుడవడానికి మీట కూడా లేదు."

"అందుకే వచ్చాను." అతడు ఈసారి ఆమెనే చూశాడు. "మొన్న మిమ్మల్ని ఒంటరిగా నిలబెట్టాను. తప్పయింది. నాకు మీరంటే ఇష్టం. మీకూ ఇష్టమైతే పెళ్లి చేసుకుందాం. ఇంకెవరినీ అడగలేదు, ఇంకెక్కడా చూడలేదు."

ఆమె హ్యాండిళ్లను బల్ల మీద పెట్టి, తిరిగి తీసి, మరల పెట్టింది.

"రెండు రాత్రులు నిద్రలేదు నాకు" అన్నది మెల్లగా. "మొదటి రాత్రి మీరు పారిపోయారని. రెండో రాత్రి, మీరు రాసింది అబద్ధమేమోనని."

"అబద్ధం కాదు."

"నాన్నా, మీరేమంటారు?"

"నన్నడుగుతావేంటమ్మా? ముప్పయ్యొక్క జవాబులు నన్నడిగి రాశావా?"

ఆమె పెదవి బిగించినా నవ్వు ఆగలేదు. "సరే అయితే" అన్నది. ఆ మాట ఎవరితో అన్నదో అక్కడ అందరికీ అర్థమైంది.

బాబాయి కుర్చీ తెచ్చి తుడిచి అక్క ముందు వేశాడు. "కూర్చోండమ్మా. ఇక మాటలు మనవి."

"నాకు తొందరేం లేదండీ," అక్క తాపీగా కూర్చొన్నది, "మావాడికే మొదటిసారి తొందరొచ్చింది."

గుమ్మం పక్క పెద్ద అట్టపెట్టె ఉన్నది. ఆమె ఒక వైపు వంగి అతనికి రెండో వైపు చూపింది. "పట్టుకోండి. బండి వచ్చేలోగా ఇవన్నీ బయట పెట్టాలి. మోస్తూ మాట్లాడుకుందాం."

పెట్టె బరువైనదే. అయినా ఆ పొడవాటి గోదాము చివరిదాకా, దించుదామని ఇద్దరిలో ఏ ఒక్కరూ అనలేదు.