కడిగిన కాయలు

"తొమ్మిది," అన్నాడు మిషనబ్బాయి.

"ఏంటి తొమ్మిది?"

"మీ ఖర్బూజాలో తీపి అండి. పదకొండు దాటితేనే మొదటి రకం. ఇవి జ్యూసు తొట్టికి వెళ్ళిపోతాయి."

"నువ్వు ఒక్క ముక్కయినా తిన్నావా?"

"తినడం నా పని కాదండి. కొలవడం నా పని."

"తినకుండా తీపి చెప్పేవాణ్ని నిన్నే చూశాను. వాసన చూడవు, తట్టి చూడవు, ముక్క కొయ్యవు. ఆ టార్చిలైటు ఆనిస్తావు, అది టిక్కుమంటుంది, నువ్వు నెంబరు చదువుతావు. ఆ మాత్రానికి మనిషెందుకు? చిలకని పెట్టుకుంటే జీతం కూడా మిగులుతుంది."

"టార్చిలైటు కాదండి. ఇందులో కంటికి కనబడని వెలుగు ఉంటుంది. అది తొక్క దాటి లోపలికెళ్ళి వెనక్కొస్తుంది. ఎంత వెలుగు తిరిగొచ్చిందో చూసి లోపల చక్కెర ఎంతుందో..."

"కనబడని వెలుగు! కనబడని తీపి! కనబడని నీ బుర్ర!"

రైతుల సంఘం షెడ్డులో కాయలు తెచ్చిన ఆ అమ్మాయిని కందిరీగ అనేవారు. ఊరికే అనలేదు. ఈ ఏడాదే సంఘం ఈ మిషను తెచ్చింది, దానితోపాటు ఈ అబ్బాయినీ తెచ్చింది. మిషను నోరు విప్పదు, అబ్బాయి నోరు విప్పితే "అండి" తప్ప ఏమీ రాదు. తిట్టేవాళ్ళకి ఇంతకంటే నరకం ఉండదు. ఎంత తిట్టినా "అండి"కి తగిలి జారిపోతుంది.

అసలు బాధ ఆ ఒక్క లోడుది కాదు. ఆ గీతల ఖర్బూజా ఆమె పెద్దమ్మ సృష్టి. ఏటా తోటంతా తిరిగి, తిని చూసి, బాగున్న కాయ గింజే దాచి, నిలబెట్టిన రకం. వరసగా మూడు లోడ్లు పదకొండు దాటకపోతే ఆ రకాన్ని సంఘం ఇక గుమ్మం ఎక్కనివ్వదు. ఇవాళ్టితో రెండయ్యాయి.

ఇంటికెళ్ళి ఆమె చేసిన పని ఏమిటంటే, మూడో లోడుకి కోసిన కాయల్ని కుళాయి కింద పెట్టి బ్రష్షుతో రుద్దడం. మొదటి లోడు కడిగింది. రెండో లోడు ఇంకా బాగా కడిగింది. ఇప్పుడు తొక్క మీద గీతలు కూడా పోయేలా తోముతోంది.

పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని చూసింది. "పసిపిల్లలకి పోసినట్టు నీళ్ళు పోస్తున్నావేంటే వాటికి?"

"నీటుగా ఉండాలి, పెద్దమ్మా."

"అందరి కాయలూ మట్టితోనే పోతున్నాయిగా?"

"మనవి నీటుగా ఉండాలి."

"ఎప్పట్నుంచి?"

ఆమె కుళాయి ఇంకాస్త తిప్పింది. చప్పుడు పెరిగితే జవాబు చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే చినుకులు. పెద్దమ్మ కూడా ట్రక్కెక్కింది. షెడ్డు తెరిచేది ఎనిమిదింటికి. వీళ్ళు ఏడింటికల్లా చేరారు, అప్పటికే షట్టరు ఎత్తి ఉంది. రోజూ అంతే. ఎందుకని ఆమె ఏనాడూ అడగలేదు. ప్రతిదానికీ ఎందుకని నిలదీసే మనిషి, ఈ ఒక్కటి మాత్రం వదిలేసింది.

చూపులు కలిశాయా అంటే కలిశాయి. కలిసి కొట్టుకున్నాయి.

అతను అప్పుడే మిషను ఆన్ చేసి, తళతళలాడుతున్న కాయకి ఆనించాడు. టిక్కుమంది. అతని మొహం పాలిపోయింది.

"చెప్పు, చెప్పు. నోరు పడిపోయిందా?"

"ఎనిమిదిన్నర అండి."

ఆమె బల్ల మీది కత్తి లాక్కుని కాయని రెండు చెక్కలు చేసింది. "రసం పిండి చూసే గాజుబిళ్ళ ఉంటుందిగా నీ దగ్గర? తియ్యి!"

అతను గాజుబిళ్ళ మీద రసం చుక్క వేసి, దాని గొట్టంలోంచి వెలుతురు వైపు చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"పదమూడున్నర."

"అయితే మిషను అబద్ధాలకోరు!"

"కాదండి! రోజూ మధ్యాహ్నం కొన్ని కాయలు కోసి రసంతో సరిచూస్తాను. అందరివీ సరిగ్గా చెబుతోంది. ఒక్క మీవే..."

"అంటే నా మీద పగా దానికి?"

వాన ముదురుతుందేమోనని ఇవాళ అందరూ ముందే బయల్దేరారు. మిగతా రైతుల బళ్ళు వరసకట్టాయి. సంఘం సెక్రటరీ గొడుగు ముడుస్తూ లోపలికొచ్చాడు, సంగతి విన్నాడు.

"ఒక్క కాయ కోసి నెంబర్లు కొట్టేస్తే రేపు ప్రతివాడూ కత్తి పట్టుకొస్తాడు. తేడా ఎందుకొచ్చిందో కారణం చెప్పు. చెబితే మూడు లోడ్ల నెంబర్లూ రద్దు చేసి ఈ లోడు మళ్ళీ కొలుద్దాం. చెప్పలేకపోతే ఈ రకం ఇంక రాదు."

పెద్దమ్మ తెగిన చెక్క చేతిలోకి తీసుకుని గింజలు మాత్రం వేలితో పక్కకి తీసింది. అది చూసి కందిరీగ కత్తి బల్ల మీద పెట్టేసింది.

అతను ఇంకో కాయ అందుకున్నాడు. దించాడు. తన అరచేయి చూసుకున్నాడు.

"తడి," అన్నాడు మెల్లగా. "చల్లగా కూడా ఉంది. ఈ వెలుగుని అన్నిటికంటే ఎక్కువ మింగేది నీళ్ళేనండి. నేను మిషనుకి నేర్పింది పొడి కాయల మీద, మధ్యాహ్నం వేడిలో. కడిగిన కాయ ఆనిస్తే దానికి పైనున్న నీళ్ళు కూడా కాయలాగే కనబడతాయి, తీపి తక్కువ చూపిస్తుంది."

"అదొక్కటేనా?" అన్నాడు సెక్రటరీ.

"ఇంకోటి... ఆన్ చేశాక లోపలి దీపం కుదురుకోడానికి అరగంట పడుతుంది. నేను ఆగలేదు."

"ఎందుకాగలేదు? అసలు ఎనిమిదింటికి తెరవాల్సింది, ఏడింటికి ఎందుకు తెరిచావు?"

"అది ఆఫీసు విషయం కాదండి."

"మూడు లోడ్ల నెంబర్లు రద్దు చెయ్యాలంటే ఆఫీసు విషయమే."

వరసలో ఉన్నవాళ్ళంతా దగ్గరికి జరిగారు. అతను పెద్దమ్మ చేతిలోని చెక్క వైపు చూశాడు.

"ఈవిడ ఏడింటికి వస్తారు కాబట్టి. ఎనిమిదైతే వెనకాల లైనుంటుంది. లైనుంటే ఈవిడకి నన్ను తీరిగ్గా తిట్టడానికి టైముండదు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి అరగంట ఆగమనొచ్చుగా?" అన్నాడు సెక్రటరీ.

"ఆగమంటే కోపమొచ్చి వెళ్ళిపోతారేమోనని..."

"ఆగమంటే ఆగేదిరా, పిచ్చి నాయనా!" అంది పెద్దమ్మ.

"సరే, అమ్మాయ్, నీ సంగతేంటి?" సెక్రటరీ ఇటు తిరిగాడు. "కాయలు కడగమని సంఘం చెప్పలేదే?"

"శుభ్రంగా ఉంటాయని..."

"అబద్ధం," అంది పెద్దమ్మ. "నిరుడు మిషనూ లేదు, మిషనబ్బాయీ లేడు. ఒక్క కాయ కడిగితే ఒట్టు. తోటలోంచి వచ్చి చేతులు కడుక్కోమంటేనే కసిరేది."

"పెద్దమ్మా!"

"ఏం పెద్దమ్మా? నా కాయకి చెడ్డపేరొస్తుంటే నీ సిగ్గు దాచమంటావా? చెప్పు!"

ఆమె బుగ్గలు భగ్గుమన్నాయి. "అవును, కడిగాను! ఈ మహానుభావుడి వేళ్ళకి మట్టంటకూడదని కడిగాను! ప్రతి కాయనీ అంత జాగ్రత్తగా పట్టుకుంటాడు, అదేదో చంటిబిడ్డయినట్టు! చాలా? రాసుకోండి! తాటికాయంత అక్షరాలతో గోడ మీద కూడా రాయండి!"

"ఇద్దరూ కలిసి ఒకటి చెడగొట్టడం ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు సెక్రటరీ. "తుడవండి. దీపం కుదురుకోనివ్వండి."

"తొందరగా తుడవండి బాబూ, మా కాయలు కూడా ఉన్నాయి!" వరసలోంచి కేక.

తుడిచారు. చెరో తువ్వాలుతో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. మిషను వేడెక్కాక టిక్కుమంది. పదమూడు పైనే. ఇంకోటి. అదీ పదమూడు పైనే. సెక్రటరీ మూడు లోడ్ల పాత నెంబర్లూ కొట్టేసి, ఈ లోడు మొదటి రకం అని రాయించాడు.

పెద్దమ్మ దాచిన గింజల్ని కొంగున కట్టుకుని లేచింది. "ఇదిగో, ఇద్దరూ వినండి. రేపట్నుంచి అందరి తర్వాత ఆఖర్న తే కాయలు. తడుంటే ఆరిపోతుంది, మిషను వేడెక్కి ఉంటుంది, వెనకాల లైనుండదు. ఎంతసేపు తిట్టుకున్నా అడిగేవాడుండడు. ఇంత చదివిన నీకూ తట్టలేదు, ఇంత నోరున్న దీనికీ తట్టలేదు. తిట్టుకోవడం అయ్యాక ఇంటికి రా నాయనా, నీ వాళ్ళని తీసుకుని."

తర్వాతి లోడు ఆమె మట్టితోనే తెచ్చింది, ఆఖర్న. షెడ్డు ఖాళీ. మిషను బల్ల మీదే ఉంది, అతని చేతిలో మాత్రం ఆమె తెచ్చిన ఖర్బూజా ముక్క.

"పదమూడు," అన్నాడు, నోటినిండా పెట్టుకుని.

"తినడం నా పని కాదన్నావుగా?"

"డ్యూటీ అయిపోయింది. ఇవాళ్టికి నువ్వే కొలువు."

అతని నోట 'అండి' రాలేదని ఆమె గమనించింది. గమనించనట్టు మిషను తీసి కాయకి ఆనించింది. టిక్కుమంది.

"పదమూడున్నర. తినడం కూడా సరిగ్గా రాదు నీకు," అని బల్లెక్కి కూర్చుని, కత్తి అందుకుని, అతనికి ఇంకో ముక్క కోసింది.