పడుగులో తక్కువైన పోగులు

తమ్ముడు క్రాంతికి నిజంగానే కనపడదా, లేక నటిస్తున్నాడా? కోమలికి ఈ అనుమానం చాలా ఏళ్లుగా ఉంది.

అన్నంలో పడ్డ చిన్న చీమను వాడు ఇట్టే పట్టేస్తాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని మాత్రం చూడడు. చూసినా మెడ వంచి, ఓరగా చూస్తాడు. కళ్లు అటూ ఇటూ ఊగుతుంటాయి. "తేరా భాయ్ ఐసే క్యూ దేఖ్‌తా హై?" అని, నీ తమ్ముడు ఎందుకలా చూస్తాడని, సూరత్ బడిలో స్నేహితురాళ్లు హిందీలో అడిగి నవ్వితే కోమలికి తల కొట్టేసినట్టయ్యేది.

ఆ సాయంత్రం అమ్మ, పక్కింటి చిన్నవ్వ బతుకమ్మను పేరుస్తున్నారు. సూరత్‌లో తంగేడు ఎక్కడిది? మార్కెట్లో కొన్న బంతి, చామంతులే. సగం పేర్చిన తాంబాలాన్ని గోడవారగా పెట్టి ఇద్దరూ ఆకులు కడగడానికి వెళ్లారు.

క్రాంతి కోసం ఆ ఇంట్లో దారికి ఏదీ అడ్డం పెట్టరు. కోమలి తాంబాలాన్ని మెల్లగా దారిలోకి జరిపింది. ఇవాళ తేలిపోతుంది అనుకుంది.

"క్రాంతీ, జర ఇటు రా!"

అక్క పిలవడమే అరుదు. వాడు సంబరంగా వచ్చాడు. తాంబాలం మీద బోర్లా పడ్డాడు.

చిన్నవ్వ ఉరికొచ్చింది. "ఏందిరా గిది! బతుకమ్మను తన్నినవా? కండ్లు నెత్తికెక్కినయా?"

"నేనే చూస్కోలే అవ్వా," అన్నాడు క్రాంతి, నేలంతా తడుముతూ పూలు ఏరుతూ.

కోమలి తానూ వంగి పూలు ఏరసాగింది.

ఊళ్లోనే ఖటోదరా పేటలో మగ్గాల పని ముగించుకుని నాన్న దశరథం వచ్చాడు. ఆయన క్రాంతి చెక్కుకుపోయిన మోకాలికి పసుపు రాస్తుంటే కోమలి నెమ్మదిగా అడిగింది.

"నాయినా, అద్దాలు పెడితే వీనికి కనపడదా?"

"కన్ను మంచిగనే ఉంది బిడ్డా. కంటికెల్లి మెదడుకు పోయే నరమే పుట్టుకతోని సన్నగ ఉందని డాక్టర్ చెప్పిండు. మగ్గం మీద పడుగుల నిలువు పోగులు తక్కువైతే ఏమైతది?"

"బట్టల సందులు పడ్తయి."

"వీని చూపు గూడ గంతే. ఓ పక్క బట్ట, ఓ పక్క ఖాళీ. అద్దాలు పెడితే పోగులు పెరుగుతయా?"

"మరి దేవుడు తక్కువ ఎందుకు పెట్టిండు?"

నాన్న పసుపు గిన్నెను పక్కన పెట్టాడు. "దీపం పెట్టినప్పుడల్లా నేను గూడ గదే అడుగుత. ఇంకా చెప్పలే."

చీకటి పడేసరికి గల్లీలో ఆడవాళ్లు మళ్లీ పేర్చిన బతుకమ్మ చుట్టూ చేరారు. కోమలి స్నేహితురాళ్లూ వచ్చారు.

"నువ్వు దూరం కూసో క్రాంతీ, మల్ల తన్నుతవు," అంది చిన్నవ్వ. వాడు వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

పాట మొదలైంది. కోమలి చేతులు చప్పట్లకు లేవలేదు.

"అవ్వా! తాంబాలం నేనే జరిపిన. వానికి నిజంగ కనపడదా అని చూద్దామని."

పాట ఆగిపోయింది. అందరి చూపులూ ఆమె మీదే ఉన్నాయి. కోమలి తల దించుకునే మెట్ల దగ్గరికి నడిచింది.

"నీకు ఏ పక్క కనపడదురా?"

అక్క ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ఎడమ పక్క," అన్నాడు క్రాంతి.

కోమలి వాడి ఎడమ పక్కకు వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి బతుకమ్మ దగ్గరికి నడిచారు.