కుళ్ళుమోతు ముఖం

పెద్దకోడలు టీ గ్లాసు పెట్టిన చప్పుడుకే ఆ రోజు ఎలా గడవబోతోందో ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. పెద్దకొడుకు గబుక్కున చెప్పులేసుకుని పనికి వెళ్ళిపోయాడు.

"టీ ఒలికింది," అంది అత్తగారు.

"ఒలికితే మీ చిన్నకోడలు తుడుస్తుంది లెండి. ఇప్పుడన్నీ ఆవిడకేగా!"

"పొద్దున్నే మొదలుపెట్టకే తల్లీ."

వాళ్ళింటి పని కొయ్య ముఖాలు చెక్కడం. నాటకాలవాళ్ళు తొడుక్కుంటారు, డబ్బున్నవాళ్ళు గోడకు తగిలించుకుంటారు. ముందుగదినిండా చెక్కపొట్టు, వార్నిష్ వాసన. అత్తగారిని వీధి వీధంతా ముఖాలమ్మ అంటుంది. ముఖం ఎవరైనా చెక్కవచ్చు, రంగు ఎవరైనా వెయ్యవచ్చు. కళ్ళు తెరవడం మాత్రం అలా కాదు. సన్న ఉలితో కళ్ళు తొలిచిన క్షణంలో ముఖంలోకి ఆత్మ వచ్చి కూర్చుంటుందని వాళ్ళ నమ్మకం. తొలిచేవాళ్ళ మనసులో అప్పుడేముంటే దానికీ అదే గుణం వస్తుందట. అందుకే ఉలి ఇచ్చేముందు "మనసులో ఏముంది?" అని అడగడం ఆ ఇంటి ఆనవాయితీ.

పెద్దకోడలు వచ్చి పదకొండేళ్ళు. ముక్కులు చెక్కింది, పెదాలు చెక్కింది, వేళ్ళ చర్మం ఊడేదాకా ఉప్పు కాగితంతో రుద్ది నునుపు చేసింది. కళ్ళు మాత్రం పక్కవీధి ముసలి వడ్రంగి వచ్చి తెరిచేవాడు. పోయిన నెల ఆయన మంచం పట్టాడు. ఇంక తన వంతేనని ఆమె లోలోపల ఎంత సంబరపడిందో! తీరా చూస్తే నిన్న సాయంత్రం అత్తగారు సన్న ఉలి తీసుకెళ్ళి, వచ్చి ఎనిమిది నెలలైనా నిండని చిన్నకోడలి చేతిలో పెట్టింది.

పదింటికి అత్తగారూ చిన్నకోడలూ రంగులు కొనడానికి బజారుకెళ్ళారు. బల్లమీద సన్న ఉలీ, ఇంకా కళ్ళు తెరవని తల్లి వేషం ముఖమూ ఉన్నాయి. సాయంత్రం నాటకాలవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళాలి. నెల్లాళ్ళు పెద్దకోడలే చెక్కింది దాన్ని.

"నేను చెక్కిన ముఖానికి నిన్నగాక మొన్న వచ్చింది ప్రాణం పోస్తుందా? చూస్తా!"

ఎవరూ అడగలేదు మనసులో ఏముందని. ఆమే ఉలి తీసింది. ఎడమ కన్ను, తరవాత కుడి కన్ను. పొట్టు ఊది ముఖాన్ని పైకెత్తి చూసింది. ఆ తల్లి ముఖం కళ్ళు చికిలించి ఓరగా చూస్తోంది, పక్కింటివాళ్ళు కొత్త ఫ్రిజ్ దింపుకుంటుంటే కిటికీలోంచి చూసినట్టు.

బజారునుంచి వస్తూనే చిన్నకోడలు దాన్ని చూసి బావురుమంది. "నేనడిగానా అక్కా ఆ ఉలి? వద్దంటే బలవంతంగా ఇచ్చారు!"

"ఏడవకు! పదకొండేళ్ళు ఏడవాల్సింది నేను!" పెద్దకోడలు అత్తగారి వైపు తిరిగింది. "చెప్పండి అత్తయ్యా, నాకేం తక్కువ? నా చెయ్యి పనికిరాదా? నా మనసు మంచిది కాదా? ఇంతకాలం మీకు పొట్టు ఊడ్చే మనిషినేనా నేను?"

అత్తగారు గదిలోకెళ్ళి మంచం కింద ట్రంకుపెట్టె లాగింది. పాత చీరలో చుట్టిన ముఖమొకటి తెచ్చి బల్లమీద కొత్తదాని పక్కన పెట్టింది. అవే చికిలించిన కళ్ళు. అదే ఓరచూపు.

"ఎవరు తెరిచారు దీన్ని?" అంది పెద్దకోడలు.

"నేనే. నువ్వు కాపురానికొచ్చిన నాలుగో రోజున." అత్తగారు బల్ల పక్కన కూర్చుంది. "సరదాగా కూర్చుని ఒక ముక్కు చెక్కావు, గుర్తుందా? ముప్పై ఏళ్ళు చెక్కినా నాకు రాని ముక్కే అది. కడుపు రగిలిపోయింది. ఆ మంటమీదే దీని కళ్ళు తెరిచాను. ముగ్గురికి అమ్మితే మూడుసార్లూ తిరిగొచ్చింది, ఇంట్లో గొడవలవుతున్నాయన్నారు. ఆ తరవాత సన్న ఉలి పట్టడానికి నాకే భయమేసింది. నీకివ్వడానికి మనసొప్పలేదు. కళ్ళు కూడా నువ్వే తెరిస్తే ఇంక నన్నెవరే ముఖాలమ్మ అనేది?"

పెద్దకోడలు ఆ పాత ముఖాన్ని చేతిలోకి తీసుకుంది. మెల్లగా అడిగింది. "మరి చిన్నదానికెందుకిచ్చారు?"

"దాని చెయ్యి చూస్తే నాకు కుళ్ళు రాదు కనక."

చిన్నకోడలు ఠక్కున ఏడుపాపేసింది. "అత్తయ్యా! అంటే నా పని అంత దరిద్రంగా ఉంటుందనా?"

ముందు పెద్దకోడలికే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే అత్తగారి భుజంమీద తల పెట్టి ఏడ్చేసింది. "ఒక్కసారి చెప్పుంటే ఏం పోయేది అత్తయ్యా?"

"సిగ్గేసిందే."

నాటకాలవాళ్ళకు ఫోన్ చేసి, ఆలస్యం తనవల్లేనని అత్తగారే చెప్పుకుంది. వారం గడువు దొరికింది. పెద్దకోడలు తిండీ నిద్రా చూసుకోకుండా ఇంకో తల్లి ముఖం చెక్కింది. అది పూర్తయిన రోజు అత్తగారు సన్న ఉలి ఆమె ముందు పెట్టి అడిగింది.

"మనసులో ఏముంది?"

"అబద్ధమెందుకు, కాస్త కుళ్ళు ఇంకా ఉంది. మీకో?"

"నాకూ ఉంది."

"అయితే చెరో కన్ను తెరుద్దాం. ముందు మీరు."

చిన్నకోడలు ముఖాన్ని కదలకుండా పట్టుకుంది. పదకొండేళ్ళ తరవాత పట్టిన ఉలి చెక్క దగ్గరికొచ్చి అత్తగారి చేతిలో ఆగిపోతే, పెద్దకోడలు ఆ చేతిమీద తన చెయ్యి వేసింది. రెండో కన్ను తొలిచేటప్పుడు అత్తగారి చెయ్యి ఆమె చేతిమీదుంది. పైకెత్తి చూస్తే ఆ తల్లి ముఖం ఎదురుగా, సూటిగా, చల్లగా చూసింది.

కుళ్ళుమోతు ముఖాలు రెంటినీ వంటింటి గోడకు ఎదురెదురుగా తగిలించారు, అవే పోట్లాడుకుంటాయని. కొన్నాళ్ళకు వీధిలో పెద్దకోడల్ని "చిన్న ముఖాలమ్మ" అనడం మొదలైంది. మొదటిసారి ఆ మాట చెవినపడగానే అత్తగారికి మళ్ళీ చురుక్కుమంది. గబగబా వంటింట్లోకెళ్ళి తన పాత ముఖం ముందు నిలబడింది.

"ఇదిగో," అంది దానితో, "ఈ కుళ్ళు కూడా నువ్వే ఉంచుకో." వెనక్కి తిరిగి, "ఏమే పెద్దదానా, టీ తాగుదాం రా, ఈసారి నేను పెడతా," అని కేకేసింది.