తూర్పు పక్క అడ్డు

రఘువీర్‌కి అఖిల్ అంటే కడుపుమంట. ఇద్దరూ టెక్సస్‌లో ఒకే ప్రొఫెసర్ దగ్గర సర్వేయింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నారు. ఫండింగ్ ఉన్న సీటు ఒక్కటే; శిఖరం ఎత్తు సరిగ్గా కొలిచినవాడికే అది. రఘువీర్ కొలిచిన శిఖరం లెక్క తప్పింది. 2009 వేసవిలో అఖిల్ వంతు వస్తే, తోడుగా రఘువీర్‌నే పంపారు. తాను చెడ్డ కోతి పక్కనుంటే ఇక వనం మిగులుతుందా?

కొలరాడోలో ఒక కొండ కొన మీద, రాతిలో దిగ్గొట్టిన ఇత్తడి సర్వే బిళ్ళ మీద అఖిల్ ట్రైపాడ్ నిలిపాడు. పైన జీపీఎస్ యాంటెన్నా బిగించి, బిళ్ళ నుంచి దాని ఎత్తు కొలిచాడు. పెళ్ళికూతురికి కల్యాణబొట్టు దిద్దినంత శ్రద్ధ! చూస్తుంటే రఘువీర్‌కి ఒళ్ళు మండింది.

“మామా, కొండ కింద పెట్టిన బేస్ మెషీన్‌కి బ్యాటరీ మార్చి వస్తా. దీన్ని మాత్రం ముట్టకురా,” అని అఖిల్ దిగిపోయాడు.

పట్టపగలే పొగమంచు కమ్మింది. గాలి పడిపోయింది. ఎక్కడినుంచో తడిసిన ఉన్ని వాసన... రఘువీర్ పడమటి పక్కన నిలబడి, స్క్రూలు వదులు చేసి, ట్రైపాడ్ మూడు కాళ్ళూ జానెడు దించాడు. అఖిల్ శిఖరమూ అంత కుంగుతుంది. ఎవరైనా అడిగితే, స్క్రూలు సరిగ్గా బిగించలేదన్న మాట అఖిల్‌కే వస్తుంది. కడుపు చల్లబడింది.

టక్.

తలెత్తాడు. యాంటెన్నా పాత ఎత్తులోనే ఉంది.

మళ్ళీ దించాడు. ఈసారి కళ్ళముందే... ఒక్కో కాలూ... మెల్లగా లేచింది. స్క్రూలు వాటంతటవే బిగుసుకున్నాయి.

“ఎవరు...?”

ఎదురుగా ఎవరో ఊపిరి పీల్చారు. అంతే.

వారం తర్వాత ల్యాబ్‌లో అఖిల్ స్క్రీన్ చూపించాడు. “యాంటెన్నా రెండుసార్లు కిందికి దిగింది. నువ్వేనా?”

రఘువీర్ తలొంచుకున్నాడు.

“అప్పుడు పడమటి శాటిలైట్ల సిగ్నళ్ళు కట్టయ్యాయి. మనిషి అడ్డం నిలబడితే అంతే, అది నువ్వు. మరి తూర్పువి కూడా కట్టయ్యాయి మామా... అటు ఎవరు?”

బిళ్ళకి తూర్పున కాలు మోపే చోటే లేదు. అటంతా నిలువు లోయ.

“సీటు నీకే ఇమ్మని సార్‌కి చెప్పేశా. ఆ కొండ మళ్ళీ కొలవాలట. నేను పోను,” అన్నాడు అఖిల్.

ఇన్నాళ్ళూ ఏడ్చింది ఆ సీటు కోసమే. ఇప్పుడు రఘువీర్‌కి వేరే సంగతి గుర్తొచ్చింది. ఆ పొద్దునే అతను డిపార్ట్‌మెంట్ డాబా మీద మెషీన్ పరీక్షించాడు. ఆ డేటా తెరిచాడు. అది చుట్టూ ఏ అడ్డూ లేని డాబా. అక్కడ తనొక్కడే ఉన్నాడు.

తూర్పు వైపు శాటిలైట్ ఒక్కటీ లేదు.