తోక తెగిన హెలికాప్టర్

"ఈ పని నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు" అని చీఫ్ అన్నాడంటే, మిగతావాళ్ళంతా ముందే తప్పించుకున్నారని అర్థం. గూఢచారి శాఖలో జుట్టు నెరిసేదాకా బతికి బట్టకట్టిన మేష్టారికి ఆ సంగతి తెలియంది కాదు. ఒకప్పుడు హెలికాప్టర్ నడపడం నేర్పేవాడు కాబట్టి శాఖలో అందరికీ ఆయన మేష్టారే. కిందటి మిషన్‌లో అంటించుకున్న దొంగమీసం జిగురు ఇంకా దురద పెడుతూనే ఉంది.

చీఫ్ బ్రీఫింగ్ మూడు ముక్కల్లో ముగించాడు. శాఖకి కోడ్‌లు రాసే ప్రొఫెసర్ కోసం శత్రుదేశపు ముఠా కాచుకుని ఉంది. విదేశాల్లో ఉన్న మన ఏజెంట్ల పేర్లన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఆయన చిక్కితే వాళ్ళలో ఒక్కడు కూడా మిగలడు. అందుకని ఆయన్ని హెలికాప్టర్‌లో ఎయిర్‌బేస్‌కి చేర్చాలి. ముఠాలో మన తరఫున పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ డైమండ్ తోడుగా వస్తుంది.

డైమండ్ అంటే మరెవరో కాదు, మేష్టారి భార్యకి స్వయానా చెల్లెలు. ఆయన ఇంట్లోనే ఉండి చదువుకుంది. ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలతో హెలిపాడ్ మీదికి వచ్చి, అక్క కులాసాయేనా అని అడిగి పక్క సీట్లో కూర్చుంది. వెనక సీట్లో ప్రొఫెసర్ అప్పుడే కళ్ళు మూసుకున్నాడు.

ఎన్నిసార్లు తిట్టినా బెల్టు పెట్టుకోని మనిషి, కొండలు దాటాక తనంతట తానే బెల్టు బిగించుకుంది. మేష్టారికి వింతగా అనిపించింది. ఆమె లిప్‌స్టిక్ తీసి దాని అడుగు నొక్కింది. వెనక తోకలో ఏదో టప్పున పేలింది. హెలికాప్టర్ ముక్కు గిరుక్కున పక్కకి తిరిగింది. ముక్కుని తిప్పే పెడల్స్ కాళ్ళ కింద ఉత్తివైపోయాయి.

పైన రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే కింద ఒళ్ళు రెండోవైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది తోక చివరి చిన్న ఫ్యాన్. అది ఆగిపోయింది.

"కింద ఎండిన చెరువుంది బావా. ఇంజిన్ కట్టేసి దింపండి," అంది ఆమె నెమ్మదిగా.

భోజనాల దగ్గర ఆయన చెప్పే మాటే అది. తోక పోతే ఇంకేం ఆలోచించకు, ఇంజిన్ కట్టేసి ఎదురుగా కనబడ్డ మైదానంలో దిగిపో. ఆమె ఆ మాటని గుర్తుపెట్టుకుని చోటు ఎంచింది. చెరువు గట్టు పక్కన ముఠా జీపులు ఆగి ఉన్నాయి. మేష్టారు జీపుల్నీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"అంత నమ్మకమా నామీద?"

"మీరు క్షేమంగా దింపుతారనే కదా ఎక్కాను."

ఆయన పవర్ తగ్గించి, ముక్కు వంచి, వేగం పెంచాడు. వేగం ఉన్నంతసేపూ ఎదురుగాలే తోకని నిలబెడుతుంది. హెలికాప్టర్ పీతలా ఓరగా నడుస్తూ చెరువు దాటింది. ఆమె పిస్టల్ ఎక్కుపెట్టి, హెలికాప్టర్‌ని చెరువు వైపు వెనక్కి తిప్పమంది.

"కాల్చు," అన్నాడు మేష్టారు. "తర్వాత దీన్ని ఎవరు దింపుతారో చూసుకో."

పిస్టల్ చాలాసేపు అలాగే ఉండి, చివరికి ఒళ్ళోకి జారింది. పేలుడికే మేలుకున్న ప్రొఫెసర్ వెనకనించి వంగి దాన్ని మెల్లిగా లాక్కున్నాడు.

ఎత్తు కరిగిపోతూ ఉంటే ఎయిర్‌బేస్ రన్‌వే అంచు అందింది. ముక్కు ఇంకా వంకరగానే ఉంది. అలాగే తగిలితే పల్టీ కొట్టి ముగ్గురూ బూడిదవుతారు. నేల అందబోతుండగా మేష్టారు థ్రాటిల్ పూర్తిగా మూసేశాడు. ఇంజిన్ తోపుడు పోయింది, ముక్కు తిన్నబడింది. నిప్పురవ్వలు చిమ్ముతూ రన్‌వే మీద చాలా దూరం రాసుకుంటూ పోయి హెలికాప్టర్ ఆగింది.

బేడీలు వేస్తున్నప్పుడు ఆమె తలెత్తకుండా అడిగింది. "అక్కకి చెప్పకండి బావా."

మేష్టారు వెనుదిరిగి కంట్రోల్ రూమ్ వైపు నడిచాడు. పెంచిన చేతులతోనే పట్టించాల్సి వచ్చింది.

కంట్రోల్ రూమ్ ఫోన్‌లో చీఫ్ ఆకాశానికెత్తేశాడు. ప్రొఫెసర్ క్షేమం, ఏజెంట్లందరూ క్షేమం, ఇంక హాయిగా ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నాడు.



"ఇంటికి తప్ప ఎక్కడికైనా పంపండి సార్," అన్నాడు మేష్టారు. "శత్రుదేశమైనా ఫరవాలేదు."