గోడకు ముఖం తిప్పని వయొలిన్

"సాయంత్రంలోగా వయొలిన్ ఇవ్వకపోతే పోలీసులకి అప్పగిస్తానన్నారండీ మా మామగారు," అంది వచ్చినామె. ఆమె గోళ్ళ సందుల్లో జిగురు. వయొలిన్లు బాగుచేసే కొట్టులో ఆమె మామగారికి కుడిభుజం. రిపేరుకొచ్చిన పాత వయొలిన్ ఒకటి పెట్టెలోంచి మాయమైంది. నిన్నటి నుంచి ఆమెను కొట్టు గడప తొక్కనివ్వడం లేదు.

"మీరే తీశారని చెప్పిందెవరు?" అడిగాడు డిటెక్టివ్. అందరూ ఆయన్ని నిదానం గారంటారు, ఆయన దేనికీ తొందరపడడు మరి.

"మా అత్తగారి తమ్ముడు. ముందు గదిలో అమ్మకాలు చూస్తాడు. నేను సంచిలో పెట్టుకెళ్తుంటే చూశాడట!"

డిటెక్టివ్, అసిస్టెంట్ కొట్టుకి వెళ్ళారు. కంటి ఆపరేషనైన మామగారు నల్లద్దాలతో, గోడ తడుముకుంటూ వచ్చాడు. వెనక గదిలో వార్నిష్ పూసిన వయొలిన్లు వరసగా వేలాడుతున్నాయి. అన్నీ అలిగినట్టు గోడకు ముఖం తిప్పుకుని ఉన్నాయి, ఒక్కటి తప్ప. దానికి 'అమ్ముడుపోయింది' అన్న చీటీ ఉంది.

"వీటిని ఇలా గోడకి తిప్పి పెట్టారేం?" అడిగాడు డిటెక్టివ్.

"ఆరేలోపు దుమ్ము పడకుండా. నేనూ, కోడలూ కళ్ళు మూసుకున్నా అలాగే తగిలిస్తాం," అన్నాడు పెద్దాయన.

డిటెక్టివ్ అందర్నీ ఆ గదిలోకి పిలిచాడు. కోడలు గుమ్మం బయటే ఆగిపోయింది. ఆయన చీటీ ఉన్న వయొలిన్ మీద గుడ్డతో రుద్దాడు. నల్లరంగు ఊడి, కింద ఎర్రటి పాత చెక్క బయటపడింది.

"అదే!" అంది కోడలు.

"బల్ల దగ్గర పనిచేసే చెయ్యి దీన్ని ఇలా తగిలించదు," అన్నాడు డిటెక్టివ్, పెద్దాయన బావమరిది వైపు తిరిగి. " సరుకు జనానికి చూపించే అలవాటున్న చెయ్యి తగిలిస్తుంది. ఈ వయొలిన్‌ని గుర్తుపట్టే కళ్ళు ఇంట్లో ఒక్కరివే. అందుకే ముందు ఆవిణ్ణి బయటికి గెంటించారు. రేపు మీ మనిషెవరో వచ్చి చవక వయొలిన్‌లా పట్టుకుపోతాడు. అవునా?"

బావమరిది ముఖం పాలిపోయింది. అయినా తగ్గలేదు. "అయితే ఏంటట? గడపైనా దాటలేదుగా! దొంగతనం ఎక్కడ జరిగింది బావా?"

"పెట్టె దగ్గర," అన్నాడు డిటెక్టివ్. "చట్టానికి గడపతో పనిలేదు. ఒకరి అధీనంలో ఉన్న వస్తువుని కాజేద్దామని చోటు కదిపితే చాలు, జానెడైనా సరే. ఉత్తినే కదిపితే సర్దడం అంటారు. సర్దేవాడు రంగు పూయడు, లేని అమ్మకానికి చీటీ కట్టడు."

అసిస్టెంట్ నోరు వెళ్ళబెట్టాడు. గోడవైపు తిరగని ఆ వయొలిన్‌ని అతనూ చూశాడు, చూసి ఊరుకున్నాడు.

పెద్దాయన గుమ్మం వైపు చేతులు చాచాడు. "లోపలికి రా తల్లీ. వీడు నన్ను నమ్మించాడు."

"ఆయన చెప్పాడు. నమ్మింది మీరు మామయ్యా," అంది కోడలు.

పెద్దాయన తల దించుకున్నాడు. ఆమె లోపలికి వచ్చి వయొలిన్ అందుకుంది, మిగిలిన రంగంతా తుడిచింది. దాన్ని కొక్కేనికి తగిలించి, ముఖం గోడకు తిప్పి, వచ్చిన దారినే బయటికి వెళ్ళిపోయింది.