బురదలో ఊపిరి

“మళ్ళీ ఆ సెరువుకేటే? ఒకర్తిని తినీసింది, సాల్దా?” అంది ఎస్తేరమ్మ, ట్రాఫిక్ అనే పేటలోని రైల్వే క్వార్టర్ గుమ్మంలో నిలబడి.

“ఇదే ఆకరమ్మా,” అని దోర్కా సెన్సారు పెట్టె భుజాన వేసుకుంది.

తాల్‌బగీచా దాటాక ఉన్న చెరువులో గంధకం ఏ లోతున ఎలా మారుతోందో కొలవడం ఆమె పరిశోధన. ఏడాది కిందట, సాయానికొచ్చిన చెల్లెలు ఏంజలిన్ అక్కడే మునిగిపోయింది. “అక్కా, ఓపాలి ఇటు సూడే,” అని పిలిచింది. “ఉండవే, రీడింగు పోతాది,” అంది దోర్కా, సెన్సారు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. తిప్పేసరికి నీళ్ళ మీద రబ్బరు చెప్పొకటి తేలుతోంది.

ఇవాళ నాలుగు గంటలవేళ. మబ్బు కమ్మి చెరువంతా సీసం రంగులో ఉంది. నీళ్ళలోకి కట్టిన వెదురు మంచె మీద కూర్చుని, కొనకు బంగారు తీగలున్న ఉక్కు కడ్డీని దోర్కా కొంచెం కొంచెంగా దించింది. తెర మీద ఆక్సిజన్ గీత తగ్గుతూ తగ్గుతూ సున్నాకి చేరింది. కొన బురదను తాకగానే గంధకపు గీత లేచింది. కుళ్ళిన గుడ్ల వాసన. అంతా ఎప్పటిలాగే.

జానెడు లోతు బురదలో ఆక్సిజన్ గీత కదిలింది.

అక్కడ గాలి ఉండదు. ఉండకూడదు. గీత మెల్లగా లేచింది... పడింది... మళ్ళీ లేచింది.

“ఏంజీ?”

గీత ఆగిపోయింది. ఎవరో వినడానికి ఊపిరి బిగబట్టినట్టు.

అంతలోనే ఎగిరిపడింది. వేగంగా... ఇంకా వేగంగా... మునిగేవాళ్ళు గాలికోసం కొట్టుకున్నట్టు. ఏంజీ ఏడాదిగా ఇలాగే కొట్టుకుంటోందా?

తెర వదిలేసింది. మంచె మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చూసింది.

“సూస్తన్నానే... నిన్నే సూస్తన్నాను...”

కన్నీళ్ళు చెరువులో పడ్డాయి. ఎంతసేపు చూసినా నీళ్ళు కదల్లేదు. ఎవరూ పైకి రాలేదు.

లేచి కడ్డీ లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. కింద బరువు.

“వదిలీయే తల్లీ... అమ్మొక్కర్తే ఉంది...”

కడ్డీ వదులైంది.

పైకి తీసి చూసింది. కడ్డీకంటిన నల్లటి బురదలో వేళ్ళ గుర్తులు. ఒకదాని పైన ఒకటి... తాడు పట్టుకుని ఎక్కుతున్నట్టు. అన్నిటికంటే పైది, తన పిడికిలికి బెత్తెడు కింద, కడ్డీ చెరువు నీళ్ళలో మునగనే మునగని చోట ఉంది.